పనిలో పని

ఐదు ఇంకా కొట్టలేదు. కరీంనగర్ మంకమ్మతోట సందులు ముసుగు తీయలేదు. రాత్రి పన్నెండింటికి కాల్చిన పటాకుల ఎర్రకాగితాలు మంచుకు తడిసి సీసీ రోడ్డుకు అతుక్కుపోయి ఉన్నాయి. జనవరి ఒకటి, గురువారం. నాకు నాలుగడుగుల ముందు ఆమె నడుస్తోంది. తలకు మఫ్లరు, స్వెట్టర్ మీంచి నడుముకు దోపిన కొంగు, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ముగ్గుపిండి డబ్బా.

“జల్ది నడువు చెల్లె. ఆరు గొట్టేలోపట మూడు వాకిళ్లు కావాలె” అంటుంది, వెనక్కి తిరగకుండానే.

పేరు రాయనని మాట ఇచ్చాకే వెంట రానిచ్చింది. ఆమె పనిచేసే ఇళ్లవాళ్లకూ అదే మాట ఇచ్చాను. కాబట్టి ఇక్కడ ఆమెకు పేరు లేదు. వాడకట్టంతా పనామె అంటుంది, నేను అక్కా అంటాను.

మొదటి గేటు. లోపల పడుకున్నవాళ్లకు వినబడకుండా గడియ తీస్తుంది. బకెట్లో పచ్చపొడి కలుపుతుంది. పేడ దొరకని పట్నంలో సాన్పికి ఈ రంగుపొడే దిక్కు. అరచేత్తో నీళ్లు విసురుతుంటే చినుకులు నా కాళ్ల మీద పడి చురుక్కుమన్నాయి, అంత చల్లగా ఉన్నాయి. ధనుర్మాసం కదా, చిన్న ముగ్గు వేస్తే ఇంటివాళ్లు ఒప్పుకోరు. పదిహేను చుక్కలు, మధ్య చుక్క, ఎనిమిది వచ్చేదాకా. నడుము వంచి, ఎడమ చెయ్యి మోకాలి మీద ఆనించి, కుడిచేతి బొటనవేలిని చూపుడువేలి మీద జరుపుతూ పోతుంది. పిండి సన్నని దారంలా జారుతుంది. ఆ రెండు వేళ్ల కొసలు చూడండి. సబ్బుకూ పీచుకూ అరిగి నున్నగా ఉన్నాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషన్ మూడుసార్లు తుడుచుకుని పెడితే గానీ పట్టదని చెప్పింది.

ముగ్గు అయిపోయే వేళకు ఆ ఇంటి చిన్నబిడ్డ శాలువా కప్పుకుని బయటికి వచ్చింది. చేతిలో ఫోను. “అక్కా, పనిలో పని, దీని కింద హ్యాపీ న్యూ ఇయర్ అని కూడా రాయవా? ఇగో, ఇట్ల.”

అక్కకు తెలుగు అక్షరమే రాదు. ఇక ఇంగ్లిష్ ఎక్కడిది? ఫోన్‌ను ఆ పిల్ల చేతిలోనే పట్టించి, ఒక్కో అక్షరాన్నీ బొమ్మలా చూసుకుంటూ దించింది. చూసేది ఒక్కసారి, గీసేది ఒక్కసారి. ‘వై’ అక్షరం దగ్గర ఆగి, “ఇది చెట్టు కొమ్మ లెక్కున్నది” అంది. ఒక్క తప్పు పోలేదు. పిల్ల ఫొటో తీసుకుని సంబరంగా లోపలికి పోయింది. పది నిమిషాలు పట్టింది.

ఆ పది నిమిషాల కోసమే నేను ఈ రోజంతా ఆమె వెంట ఉన్నాను.

*

వాకిళ్లు అయ్యాక మొదటి ఇంటి వంటింట్లో అడుగుపెడితే రాత్రి దావత్ అక్కడే ఉంది. ఈ ఇంట్లో ఉండేది నలుగురు. మామూలుగా రెండు పూటల బోళ్లు ఒక తట్టకు సరిపోతాయి. ఇవాళ సింకు నిండి, గచ్చు మీదికి వచ్చి, వెనక వరండా దాకా పరుచుకున్నాయి. ప్లేట్లు ఇరవైమూడు, గ్లాసులు లెక్క తప్పాయి. వాటి నడుమ పెద్దమ్మలా కూర్చున్నది బిర్యానీ గుండు, అడుగంటి.

అక్క ఏమీ అనదు. ముందు చిన్నవన్నీ ఒకవైపు, జిడ్డువన్నీ ఒకవైపు వేరుచేస్తుంది. గుండులో నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి పొయ్యి మీద పెడుతుంది. అది సలసల మరిగేలోపు గ్లాసులు అయిపోతాయి. తర్వాత గుండును వరండాలోకి దించి, రెండు పాదాల మధ్య ఇరికించి, స్టీలు పీచుతో అడుగు నుంచి మొదలుపెడుతుంది. గీరుతుంటే వచ్చే ఆ చప్పుడుకు నాకు పళ్లు జివ్వుమన్నాయి. నల్ల పొర పెచ్చులు పెచ్చులుగా లేచి, లోపల వెండి రంగు అరచేయంత తేలింది, తర్వాత పళ్లెమంత. మోచేతి దాకా మసి. గుండు ఒక్కదానికే ఇరవై నిమిషాలు.

మీరు తల ఎత్తి ఫ్రిజ్ పక్కన గోడ చూడండి. పంచాంగం క్యాలెండరు. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం. ఆ చిన్న గడుల్లో ఇల్లాలు పెన్సిల్‌తో రాసుకున్న లెక్కలు: గ్యాసు వచ్చిన రోజు, పాలవాడు రాని రోజు, నీళ్ల క్యాన్లు. ఇంకా సున్న చుట్టిన ‘నా’ అనే అక్షరం. డిసెంబర్‌లో అలాంటివి నాలుగు.

‘నా’ అంటే నాగా. అక్క పనికి రాని రోజు. ఉర్దూ నుంచి వచ్చి మన ఇళ్లలో స్థిరపడ్డ మాట. జీతగాడి నాగా, పాల నాగా, పేపర్ నాగా. ఈ ఇంటి కట్టడి ప్రకారం నెలకు రెండు నాగాలు మాఫీ, ఆపైన ప్రతి రోజుకూ కోత. అక్క నెల జీతం రెండువేల ఐదువందలు. సాన్పి, ముగ్గు, ఊడ్చుడు, తుడుచుడు, రెండు పూటల బోళ్లు. ఇది ఒక ఇంటి సంగతి. ఇట్లాంటివి నాలుగు ఇళ్లు.

డిసెంబర్ 21, ఆదివారం గడి చూడండి. ఏ గుర్తూ లేదు, ఖాళీ. ఆ రోజు ఈ ఇంటికి ఇరవై మంది చుట్టాలు వచ్చారు. అక్క సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా ఇక్కడే ఉంది. ఉల్లిగడ్డలు కోసింది, పూరీలు ఒత్తింది, విస్తర్లు ఎత్తింది, బోళ్లు తోమింది. పోయేటప్పుడు మిగిలిన కూర టిఫిన్‌లో కట్టి ఇచ్చారు. రాని రోజుకు గుర్తు ఉంది. ఎక్కువ చేసిన రోజుకు గుర్తు లేదు. ఆ ఇల్లాలు చెడ్డ మనిషేమీ కాదు, అక్క కొడుకు ఫీజుకు అప్పు ఇచ్చిన మనిషి. ఆ గడిలో ఏదైనా రాయాలని ఆమెకు తట్టలేదు, అంతే. మా ఇంటి క్యాలెండరులోనూ అట్లాంటి గడులు ఉన్నాయి. రాత్రి ఇంటికి పోయాక చూసుకున్నాను.

చాయ్ వచ్చింది. నాకు పింగాణీ కప్పులో, అక్కకు కిటికీ ఊచల దగ్గర బోర్లించి ఉన్న స్టీలు గ్లాసులో. ఆ గ్లాసు మిగతా బోళ్లతో కలవదు. తాగి, తనే కడిగి, మళ్లీ అక్కడే బోర్లిస్తుంది. ఇంట్లో ప్రతి గిన్నెనూ తోమే చెయ్యి తాగే గ్లాసు వేరు. నేను కప్పు కిందపెట్టలేకపోయాను, తాగలేకపోయాను.

*

రెండో ఇంటికి నడుస్తున్నాం. తెల్లవారింది. పాల ప్యాకెట్ల బండి పోయింది. అక్క తన అవ్వ ముచ్చట మొదలుపెట్టింది. నేను అడగలేదు, చేతిలోని ఆ కూర టిఫిన్ డబ్బానే చెప్పించింది. ఖాళీ డబ్బా తిరిగిద్దామని తెచ్చి, ఇవ్వడం మరిచి మళ్లీ వెంట తెచ్చుకుంటోంది.

“మా అవ్వ గూడ గిట్లనే తెచ్చేది. కొంగుల మూటగట్టి. గడీల మిగిలిన బువ్వ.”

జగిత్యాల పక్క ఊరు వాళ్లది. చాకలోళ్లు. అవ్వ పొద్దు పొడవకముందే దొర గడీకి పోవాలి. బట్టలు ఉతకాలి, వడ్లు దంచాలి, వాకిళ్లు ఊడ్వాలి, చుట్టాలొస్తే నీళ్లు మోయాలి, రాత్రి బోళ్లు తోమాలి. కూలీ లేదు, కొలత లేదు. “నీ బాంచన్ దొరా” అనడమే జవాబు. దొరసాని పుట్టింటి నుంచి వెంట వచ్చిన ఆడబాపలు గడీలోనే పెరిగి గడీలోనే ముసలివాళ్లయ్యేవారు. వాళ్లకైతే పోవడానికి తమదంటూ ఇల్లు కూడా లేదు.

కూలీ లేని ఈ వెట్టి మీద మాట అవ్వ కాలానికి చాలా ముందే లేచింది. నిజాం కాలంలోనే ఆంధ్ర మహాసభలు ఆ మాటనే మళ్లీ మళ్లీ ఎత్తేవి. నాలుగో మహాసభ 1935లో ఇక్కడికి దగ్గర్లోని సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగింది. నిజాం పోయాడు, రాజ్యాంగం వచ్చింది, 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టమూ వచ్చింది. అక్క అవ్వ మాత్రం 1978లో కూడా పొద్దు పొడవకముందే గడీకి పోతూనే ఉంది.

“అప్పుడు నాకు ఐదారేండ్లు. ఒకరోజు అవ్వ పోలే. పొద్దెక్కినంక గూడ గడపల్నే గూసున్నది. నాకు బయమైంది, జ్వరమచ్చిందేమో అని. సంగపోళ్లు పోవద్దన్నరంట. మా అవ్వనే గాదు. మంగలి పోలే, జీతగాళ్లు పోలే. గడీల ఎవ్వల బోళ్లు వాళ్లే తోముకున్నరంట.”

ఆఖరి మాట చెప్పేటప్పుడు అక్క ఆగింది. రోడ్డు మధ్యలో నిలబడి నవ్వింది. నలభై ఏళ్లు దాటినా ఆ నవ్వు ఆరేళ్ల పిల్లదే.

జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీ సంఘాలు ఊరూరా దొరలను సాంఘికంగా బహిష్కరించిన రోజులవి. అదే ఏడు సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు ఊళ్లకు ఊళ్లు కదిలాయి. అక్టోబర్‌లో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ చరిత్రలో భూముల సంగతి అందరూ రాస్తారు, తుపాకుల సంగతి అందరూ రాస్తారు. గడీలో తోమకుండా మిగిలిపోయిన బోళ్ల సంగతి నాకు వాటికంటే తక్కువదిగా అనిపించదు. ఒక ఆడమనిషి గడపలో కూర్చుని, తన చేతుల పనికి ఒక కొలత ఉండాలని మొదటిసారి అనుకున్న పొద్దు అది. ‘జీతం’ అనే మాట మా జిల్లాలో అంత సులువుగా రాలేదు.

వెట్టికీ పనికీ తేడా పైసల్లోనే ఉందనుకుంటాం. పైసలతో పాటు హద్దులో ఉంది. ఎంతసేపు, ఏ పని, ఏ ధర అన్న హద్దు. ఆ హద్దు దాటిన ప్రతిసారీ మనం వాడే మాట చాలా మెత్తగా ఉంటుంది. పనిలో పని ఆ దుప్పట్లు కూడా నాననెయ్యి. పనిలో పని ఫ్యాన్లు తుడువు. పనిలో పని చంటిదాన్ని కాసేపు ఎత్తుకో. మొదటి ‘పని’కి జీతం ఉంది. రెండో ‘పని’కి లేదు.

*

రెండో ఇల్లు దుబాయి పైసలతో కట్టింది. మూడంతస్తులు, మెట్లకు గ్రానైట్. కొడుకు పదేళ్లుగా అక్కడే. ఇంట్లో ముసలి అత్త, కోడలు, ఇద్దరు పిల్లలు. అక్క మెట్లు తుడుస్తూ పై నుంచి కిందికి వస్తోంది, ఒక్కో మెట్టుకు రెండు పట్లు, ముప్పై ఎనిమిది మెట్లు. మధ్యలో ఆమె ఫోన్ మోగింది. మస్కట్ నుంచి చెల్లెలు. ఖద్దామా వీసా మీద పోయింది. ఇంటిపనికి గల్ఫ్ పోయే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వం నియమం. చెల్లెలు ముప్పై నిండేదాకా ఆగి మరీ పోయింది. వీడియోలో చెల్లెలి వెనక వంటగది, సింకు, సింకులో బోళ్లు. ఇద్దరూ తడి చేతులతోనే మాట్లాడుకున్నారు. రెండు నిమిషాలు. అవతల ఎవరో పిలిచారు, ఫోన్ ఆగిపోయింది. అక్క మిగిలిన మెట్లు తుడిచింది.

పదకొండు దాటాక ఆమె ఇంటికి పోయాం. రెండు గదుల రేకుల ఇల్లు. గడపలో తోడికోడలు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. తునికాకును రేకు కొలతకు కత్తెరతో కోసి, జర్ద పోసి, చుట్టి, కొస ముడిచి, దారం కట్టడం. ఆమె వేళ్లు ఒక్క క్షణం ఆగవు. కళ్లు మాత్రం టీవీ మీద. అక్క కూడా పెళ్లయిన కొత్తలో చేసింది, దగ్గు పట్టుకుని మానేసింది.

ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు. బీడీల పని మంచిదని అనను, ఆ పొడి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ఈ జిల్లాలో చూడని ఇల్లు లేదు. కానీ తోడికోడలి పనికి లెక్క ఉంది. వెయ్యి బీడీలకు ఇంత. కట్టకు ఇరవై ఐదు. బీడీ కార్మికులకు 1966లోనే ఒక చట్టం వచ్చింది, 1976లో సంక్షేమ నిధి వచ్చింది. ఆమెకు పీఎఫ్ ఉంది, గుర్తింపు కార్డు ఉంది. తెలంగాణ వచ్చాక జీవనభృతి, 2019 నుంచి నెలకు 2016 రూపాయలు. ఆకు సరిగా ఇవ్వకపోతే కార్ఖానా ముందు కూర్చోవడానికి తనలాంటి వందమంది ఉన్నారు.

అక్క పనిచేసే చోట ఆమె ఒక్కతే. నాలుగు ఇళ్లు, నాలుగు గేట్లు, నలుగురు యజమానులు. ఇంటిపనికీ కనీస వేతనం ఉండాలని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2007లోనే జాబితాలో చేర్చింది. ఆ సంగతి చెబితే, “మాకెవ్వలు జెప్పిన్రు?” అంది. లేబర్ అధికారి కార్ఖానా గేటు తడతాడు, వంటింటి తలుపు తట్టడు. ఇంటిపని కూడా పనే, అది చేసేవాళ్లూ కార్మికులే అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న జెనీవాలో 189వ ఒడంబడిక తెచ్చింది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు సూర్యకాంత్, ఉజ్జల్ భూయాన్, ఇంటిపనివాళ్ల కోసం ఒక చట్టం అవసరమేమో తేల్చే కమిటీ వేయమని కేంద్రానికి చెప్పారు. ఆ తీర్పుకు ఈ నెలాఖరుతో ఏడాది నిండుతుంది. అక్క అన్నంలో పచ్చిపులుసు కలుపుకుంటోంది.

*

అక్క కాసేపు నడుము వాల్చింది. గోడకానుకుని నేను పోయిన నెల ఆదిలాబాద్‌లో చూసిన ఒక పొద్దును తలుచుకున్నాను. జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్ దాటి, మహబూబ్ ఘాట్ ఎక్కితే చలి వేరే చలి అవుతుంది. చుట్టాలింట్లో దిగాను. తెల్లవారి ఆరున్నరకు దొడ్లో చప్పుడైతే లేచి చూశాను. బాయి వచ్చింది. అక్కడ చాలా ఇళ్లలో పనామెను బాయి అనే పిలుస్తారు. మరాఠీ ఇంటిభాష, తెలుగు పనిభాష. నల్లా తిప్పి వేలు పెట్టి, ఠక్కున వెనక్కి తీసుకుంది. రాత్రంతా మేడ మీది ట్యాంకులో ఉన్న నీళ్లు అవి. ఆమె లోపలికి తొంగిచూసి, “బోర్ చాలూ చెయ్ తాయీ” అంది. బోరు నీళ్లు భూమిలోంచి గోరువెచ్చగా వస్తాయి. మోటరు వేస్తే కరెంటు బిల్లు, ట్యాంకు నిండుగానే ఉంది కదా అని లోపలి నుంచి జవాబు. ఆ ఇంట్లో గీజర్ ఉంది. దాని పైపు స్నానాల గది దాటి రాలేదు. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లి అరచేతులు ఒక్కసారి కాచుకుని, వచ్చి కూర్చుని తోమింది. నేను వెళ్లి మోటరు వేశాను. ఒక్క పొద్దుకు చుట్టపుదాన్ని, రేపు ఉండను.

అదే బాయి పత్తి ఏరే రోజుల్లో ఇళ్లు మానేసి చేలకు పోతుందట. ఆ నెలల్లో పనామెలు దొరకరని ఇల్లాళ్లు విసుక్కుంటారు. ఎందుకు పోతావని అడిగాను. ఏరిన పత్తి సాయంత్రం కాంటా పెడతారు, కిలోకు ఇంత అని చేతిలో పెడతారు అంది. బోళ్లకు కాంటా ఏదీ అంది.

*

సాయంత్రం ఆరు. మళ్లీ మొదటి ఇల్లు. ఒకటో తారీకు, జీతం రోజు. వాకిట్లో పొద్దుటి ముగ్గు మీంచి బండ్లు పోయి, చెట్టు కొమ్మలాంటి ఆ అక్షరం చెరిగిపోయింది. అక్క ఆ పూట బోళ్లు తోమి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఖాళీ టిఫిన్ డబ్బాను గట్టు మీద పెట్టి నిలబడింది.

ఇల్లాలు గోడ మీది పాత క్యాలెండరును మేకు నుంచి తీసింది. బ్యాంకులో ఇచ్చిన కొత్తది చుట్ట విప్పి పక్కన పెట్టింది. పాతదాన్ని బల్ల మీద పరిచి డిసెంబర్ చూసింది. “నాలుగు నాగాలైనయి. రెండు మాఫీ. రెండు రోజులకు నూట అరవై ఆరు. పోనీ, నూటయాభై తీసేస్త.” మంచితనంగానే అంది. రెండువేల మూడువందల యాభై లెక్కపెట్టి ఇచ్చింది.

అక్క తీసుకుంది. లెక్కపెట్టలేదు. కదలలేదు కూడా. ఎడమకాలి బొటనవేలు గచ్చు మీద గీస్తోంది. నేను వరండాలో ఉన్నాను, నా వైపు చూడలేదు. పొద్దుటి నుంచి నేనేమీ నేర్పలేదు, నేర్పడానికి నేనెవరిని?

“అమ్మా, నాగాలు నాలుగు నిజమే. మా ఆడిబిడ్డ అత్త పెద్దకర్మకు పోయిన.”

“తెలుసు కదనే. అందుకే కదా నూటయాభై అన్న.”

“అది గాదమ్మా. మొన్న చుట్టాలొచ్చిన్రు గదా. నేను రాత్రి పది దాక ఉన్న. రాత్రి దావతుది గూడ పొద్దుగాల అంత తోమిన. నాగాకు రాసినవు. అవి గూడ రాస్తవా?”

ఫ్రిజ్ మోత ఒక్కటే వినిపిస్తోంది. లోపలి గదిలో చిన్నబిడ్డ ఫోన్ పాట ఆగింది. ఇల్లాలి ముఖం ఎర్రబడింది, కోపమో, ఇంకేమో నాకు తెలియలేదు. బల్ల మీద పెన్సిల్ దొర్లుతుంటే చేత్తో ఆపింది. పాత క్యాలెండరును తన వైపు తిప్పుకుంది.

“ఏ తారీకు?”

“ఇరువై ఒకటి. ఐతారం.”

ఆమె ఆ గడి వెతుకుతోంది. అక్క గోడ గడియారం చూసింది. ఇంకా మూడు ఇళ్లు ఉన్నాయి.